వాతావరణం చూడ్డానికి

వ్యవసాయ బడివాళ్ళు ఈ మే నెలలో
నా కొట్టానికి ఒక కుర్రాణ్ణి పంపారు.
పేరు సోల్వి. రేక్యావిక్ పిల్లాడు.
కొత్త బూట్లు, ధర చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.
"ఈనే కాలం మూడు వారాలు. నేర్పించగలరు" అని
వెంట ఒక కాగితం: నేర్పేవారి బాధ్యతలు, పన్నెండు.
పొయ్యి రాజెయ్యడానికి పనికొచ్చింది.

నాకు నేర్పడం చేతకాదు. ముందే చెప్పాలి.
ఏడు వసంతాల కిందట దాగ్ని అనే అమ్మాయి వచ్చింది.
గొర్రె మూలిగితే చాలు,
"జరుగు" అనేదాన్ని.
తొమ్మిదో రోజు పాల బండెక్కి వెళ్ళిపోయింది,
ఒక్క పిల్లనైనా తన చేత్తో బయటికి తియ్యకుండా.
ఆ ఏడు ఒక్క పిల్లా పోలేదని
నేను మాత్రం ఇంటింటికీ చెప్పుకున్నాను.

మొన్న చలికాలం నాన్న పుస్తకం దించాను.
పాత గాథ, సీల్ తోలు అట్ట.
మేం ఉన్ని ఏకుతుంటే
దీపం పక్కన కూర్చుని చదివేవాడు,
పెళ్ళికీ చావుకీ ఒకటే గొంతు.
అప్పట్లో అందులోని జ్ఞాని అంటే నాకు ప్రాణం.
ఈ గాలికి పడవలు దించొద్దంటాడు. దించుతారు.
మూడు పడవలు. నలభై మంది.
"చెప్పాను కదా" అంటాడు, ఒడ్డున నిలబడి.
పదేళ్ళప్పుడు ఆ మాటకి ఒళ్ళు పులకరించేది.
యాభై ఎనిమిదిలో అనుమానమొచ్చింది:
ఆ నలభై మందిలో ఒక్కడికైనా
గాలి వాసన పట్టడం నేర్పాడా ఈ మనిషి?

అదే గాథలో ఇంకొకడున్నాడు. నాలుగే వాక్యాలు.
దిక్కులేని పిల్లాణ్ణి పెంచిన ముసలాడు.
పిల్లాడు మొదటిసారి చుక్కాని పట్టిన రోజు
వెనక్కి తిరిగి కూర్చుని తాళ్ళు సర్దుకున్నాడట.
పొగరు గుర్రాన్ని లొంగదీసిన రోజు
వాతావరణం చూడ్డానికి బయటికి వెళ్ళాడట.
అంతే. ఆ తర్వాత అతని ఊసే లేదు,
బతికాడో, పోయాడో.
నాన్న అక్కడ ఎన్నడూ ఆగలేదు.
యాభై ఏళ్ళు నేనూ ఆగలేదు.

పదిహేడో తారీఖు, రాత్రి రెండు.
రాత్రంటే ఇక్కడ ఈ రోజుల్లో
పాలగిన్నె కడిగిన నీళ్ళ రంగు వెలుతురు.
చెవికి పసుపు బిళ్ళ ఉన్న ముసలి గొర్రె.
మోచేతి దాకా లోపల సోల్వి.
"కాలు మడతపడింది."
"ముందుదా, వెనకదా?"
"తెలీదు."
"కీళ్ళు రెండూ ఒకవైపే వంగుతుంటే ముందుది. తడిమి చూడు."
అంతవరకే చెప్పాను.
చేతులు ఒకటే దురద.
చంకల్లో పెట్టుకున్నాను, అక్కడా కుదురుగా లేవు.
లేచి, వాతావరణం చూడ్డానికి బయటికి వెళ్ళాను.

చూడ్డానికేమీ లేదు.
వాయవ్యపు గాలి, సన్నగా. కొండ మీద నిరుటి మంచు.
ఉల్లంకి పిట్ట ఒకటి పైనెక్కడో
తోక ఈకలతో డోలు వాయిస్తోంది.
పదకొండు నిమిషాలు.
ఆ ముసలాడు బయట ఏం చేశాడో
గాథ రాసినవాడు రాయలేదు.
నన్నడిగితే చెప్తాను:
తలుపుకి చెవి ఆనించి, గోళ్ళు కొరుక్కున్నాడు.

లోపలికెళ్తే రెండు పిల్లలు.
ఒకదాన్ని తల్లి నాకుతోంది.
ఒకటి గడ్డి మీద, కదలకుండా.
నేనుంటే రెండూ బతికేవేమో.
బతికేవి. అబద్ధమెందుకు.

సోల్వి నా మొహం చూడలేదు.
బకెట్లో చేతులు కడుక్కుంటూ
"ఎందుకెళ్ళావు, హల్బెరా?" అన్నాడు.
గాథలో పిల్లాడు ఈ మాట అడగడు.
అడిగుంటే ముసలాడికి ఐదో వాక్యం దక్కేది.
"వాతావరణం చూడ్డానికి."
"ఎలా ఉంది?"
"వెళ్ళి చూడు."

వెళ్ళలేదు.
చివరి అరలో ఇంకో గొర్రె
కాలితో నేల గీకుతోంది.
తడి చొక్కా చెయ్యి పైకి లాక్కుంటూ
అటే నడిచాడు.
దారికి అడ్డంగా ఉన్నాను నేను.

"జరుగు," అన్నాడు.